వేన్నీళ్ళలో అమ్మ పళ్ళు

పోయిన నెల నాకూ పైవరస పళ్ళ సెట్టు కట్టారు. భోజనమయ్యాక తీసి పెడితే, మా కోడలు ఏదో కబురు చెబుతూనే దాన్ని చేతిలోకి తీసుకుని, కుళాయి కింద మెత్తని బ్రష్షుతో తోమి, చల్లనీళ్ళ డబ్బాలో వేసి వెళ్ళిపోయింది. ఆ పిల్ల ముఖంలో వెగటన్నది లేదు. నేను మాత్రం కూర్చున్న చోటినుంచి కదలలేకపోయాను. మన వయసువాళ్ళకు ఇంట్లో ఎవరివో కట్టుడు పళ్ళు గుర్తుండే ఉంటాయి. నాకు గుర్తున్నవి మా అమ్మవి.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళు, మేము మూలకుళంలో ఉండేవాళ్ళం. తరతరాలుగా పుదుచ్చేరిలోనే ఉండి తెలుగు చదవడం మరచిపోయినా, ఎంగిలి పట్టింపు మాత్రం మరవని ఇల్లు మాది. అందుకే అమ్మ పళ్ళ గ్లాసు వంటింటి గడప తొక్కేది కాదు, పెరటి స్నానాల గది గోడమీదే దాని చోటు. తన సెట్టు తనే కడుక్కునే మనిషి, విల్లియనూరులో బస్సు దిగుతూ పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎంగిలి పని కోడలిచేత, అంటే మా ఆవిడచేత, చేయించుకోవడానికి మనసొప్పక నాకు అప్పజెప్పింది.

కన్నతల్లి నోట్లోంచి వచ్చిన వస్తువును వేళ్ళతో పట్టుకోవాలంటే నాకు ఒళ్ళు జలదరించింది. రాయడానికి సిగ్గుగానే ఉంది. చేయి తగలకుండా ఒక ఉపాయం కనిపెట్టాను: స్నానానికి సలసల కాగే నీళ్ళు చెంబుతో ముంచి, దూరంనుంచే ఆ గ్లాసులో పోసేవాణ్ణి. ఎంగిలీ పోతుంది, క్రిములూ చస్తాయని నా తృప్తి.

పక్కింటి అత్త అమ్మను ఆటపట్టించేది. “కొడుకు తోమే పండ్లు అక్కా, మెరవకుండా యాడికి పోతాయి?” అమ్మ నోరు తెరవకుండా నవ్వేది. కొన్నాళ్ళకు దోసె మానేసింది, తర్వాత అన్నం మానేసి గంజికి దిగింది. నేను విసుక్కున్నాను.

“ఏందిమ్మా, చిన్నబిడ్డ మాదిరి దినామూ ఈ మారాము?”

“ఆకలి లేదప్పా. గంజి చాలు.”

ఆమె రవికలు వదులైపోవడం చూసి మా ఆవిడ పోరితే, చివరికి టవునులో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన టార్చి వేసి నన్ను దగ్గరికి పిలిచాడు. చిగుళ్ళ పొడుగునా పచ్చిపుండు, అంచులు తెల్లగా చీము పట్టి. ఆ పుండు మీదే ఆమె ఇన్నాళ్ళూ సెట్టు పెట్టుకుని, నా విసుగంతా విన్నది. డాక్టరు సెట్టును బల్లమీద పెడితే ఒక పక్క లేచి ఊగింది. వేడినీళ్ళు తగిలితే ఇది వంకరపోతుంది, ఎవరు పోశారు అని తమిళంలో అడిగాడు.

అమ్మే అందుకుని, తనే పోసుకున్నానని చెప్పింది. ఆయన ఆమె కుడిచేతి సిమెంటు కట్టును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. అప్పుడైనా నేను నోరు విప్పలేదు.

ఆటోలో వస్తూ, వేన్నీళ్ళతో చెడుతుందని నాకు తెలియదమ్మా అన్నాను.

“నాకు మాత్రం తెలుసునా? నా చిగుళ్ళే చెడిపోయినాయి అనుకుంటిని.” బయటికి చూస్తూ అంది: “నువ్వు మొగం తిప్పుకోని పోస్తా ఉంటివి. అది చూస్తానే ఉంటిని.”

పుండు మానాక కొత్త సెట్టు వచ్చింది. కడుగుతానని చేయి చాపాను, ఆమె ఇవ్వలేదు. ఎడమచేత్తో, తలుపు గడియ వేసుకుని, తనే కడుక్కుంది. కట్టు విప్పాక కూడా ఆ గడియ మానలేదు.

ఇప్పుడు మూలకుళంలో వీధికో పళ్ళ డాక్టరు. సెట్టు నానబెట్టడానికి బిళ్ళలు, డబ్బాలు అన్నీ దొరుకుతాయి. ఎంగిలి అన్న మాటే మా పిల్లల నోట వినిపించదు, అందుకు నాకు సంతోషమే. అమ్మ ఉన్నన్నాళ్ళూ సాయంత్రాలు సెట్టు తీసేసి, మనవళ్ళ దగ్గర కూర్చుని బోసినోటితో పకపకా నవ్వేది. నేను గుమ్మంలోకి వచ్చేసరికి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకునేది.