వెయ్యని డీఏపీ బస్తా

మా ట్యాబ్‌లో ఒక ఎర్ర గడి ఉండేది. ఏ ఎరువు వేశారు, ఎంత వేశారు, ఎప్పుడు వేశారు అన్నవి నింపితేనే అది పచ్చబడేది. లేకపోతే ఆ రైతు వివరాలు అక్కడే ఆగిపోయేవి. మహబూబాబాద్‌లో ఒక రైతు సంఘం కోసం ఊరూరా తిరిగి ఆ గడులు నింపడమే నా ఉద్యోగం. మాది జనగామ. ఇంట్లో దక్కనీ మాట్లాడుకుంటాం. అబ్బా కుట్టుమిషన్లు బాగుచేస్తారు. ఎరువుకూ నాకూ చుట్టరికం ఈ ఉద్యోగంతోనే మొదలైంది. అయినా ఆరు నెలలు తిరిగేసరికి రైతులకే ఎరువుల గురించి చెప్పేంత తెలివి వచ్చేసిందనుకున్నాను.

ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు నిజంగానే తెలివైనవాళ్లు. సర్వే నంబరు కొడితే మట్టి రకం చెబుతుంది, ఏ నెలలో ఎంత ఎరువు కావాలో చెబుతుంది. గొర్రెల సంగతి మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. గూడూరు వైపు వానలకు ముందు చెలకల్లో, అంటే మెట్ట చేలల్లో, గొర్ల మందలు పెట్టించుకుంటారు. పగలంతా మేసి వచ్చిన మందను కాపరులు రాత్రికి చెలకలో ఆపుతారు. పెంటికలూ మూత్రమూ నేరుగా మట్టిలోకి పోతాయి. మర్నాడు మందను పక్క జాగాకు జరుపుతారు. అలా వారం పది రోజుల్లో చెలకంతా బలం పట్టుకుంటుంది. ఇందులో కుప్ప ఉండదు, ట్రాక్టరు ఉండదు, బస్తా ఉండదు. మా ట్యాబ్‌కు ఈ మూడింట్లో ఏదో ఒకటి కావాలి.

గూడూరు దగ్గరి ఒక తండాలో మిర్చి వేసే అక్క ఉంది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది. ఇంట్లో వాళ్ల భాష, నాతో తెలుగు. భర్త పురుగుమందు కొడుతూ చెలకలోనే పడిపోయి పది రోజులు దవాఖానలో ఉన్నాడు. అప్పటి నుంచి ఆమె తన చెలకలోకి ఏ మందునూ రానివ్వలేదు, ఆఖరికి యూరియాను కూడా. ఊళ్లో అందరూ నవ్వినా వినలేదు. వరసగా మూడేళ్లు రసాయనం పడలేదని మా రికార్డులో ఉంటే సంఘం ఆకుపచ్చ కార్డు ఇస్తుంది, మిగతావాళ్లకు తెల్లది. ఆమెకు అది మూడో ఏడు.

వివరాలు పంపడానికి ఆఖరి రోజు నేను గూడూరు బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూర్చుని ఉన్నాను. బయట వాన దంచుతోంది. అక్కడ తప్ప ఎక్కడా సిగ్నల్ లేదు. అందరివీ అయిపోయి ఆమెది ఒక్కటే మిగిలింది. మంద పెట్టించానని ఆమె చెప్పిన మాట గుర్తుంది. ‘పశువుల ఎరువు’ నొక్కితే కుప్ప ఫోటో అడిగింది. లేని కుప్పకు ఫోటో ఎక్కడ తేను? డీఏపీకి మాత్రం ఏ ఫోటో అక్కర్లేదు. చుట్టుపక్కల చెలకలన్నింటికీ అదే రాసి రాసి ఉన్నానేమో, వేలు అటే పోయింది. ఒక బస్తా అని రాశాను. గడి పచ్చబడింది. రేపు సరిచేద్దామనుకుని బస్సెక్కాను. ఆ తర్వాత దాని సంగతే మరిచిపోయాను.

దసరా తర్వాత తండాలో సంఘం మీటింగు పెట్టి కార్డులు పంచారు. ఆమె చేతికి తెల్ల కార్డు వచ్చింది. ఆమెకు చదువు రాదు కాని రంగు తెలుసు.

“గిదేంది సారూ? నాకు మూడేండ్లు నిండినయి గద.”

మేనేజరు సారు తన ఫోన్లో చూసి, “డీఏపీ వేసినట్టుందక్కా. లెక్క మళ్లీ మొదటి నుంచి” అన్నారు.

వెనక నుంచి ఎవరో నవ్వారు. “దొంగచాటుగ ఏసుకున్నట్టుంది.”

ఆమె ముఖం నల్లబడింది. “నేను బస్తా ముట్టలే. నా పిల్లల మీద ఒట్టు.” అంటూ నా వైపు తిరిగింది. “చెల్లె, నువ్వు చెప్పు. రాసుకున్నది నువ్వే గద.”

చాయ్ హోటలూ, వానా, నా వేలూ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. “చూసి చెప్త అక్కా” అన్నాను. చూడడానికేముంది? నాకు తెలుసు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఆమె మిర్చిలో కలుపు తీస్తోంది. జరిగిందంతా గట్టు మీద నిలబడే చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొడవలి పక్కన పెట్టి ఒక్కటే అడిగింది.

“నిన్న ఎందుకు చెప్పలే?”

నేను ట్యాబ్ తీయబోయాను.

“కార్డు పోతే పాయె. తండల అందరు నన్ను అబద్ధాలదాన్ని అంటున్నరు. నా మొగడు గూడ రాత్రి అడిగిండు, నిజంగ ఏసినవా అని” అంది. కళ్లు తుడుచుకుని మళ్లీ కలుపులోకి వంగింది.

రికార్డు మార్చాలంటే మంద ఏ తేదీల్లో ఆగిందో కాపరి నోటితో చెప్పించి, ఫోటోతో పంపాలన్నారు మేనేజరు సారు. పంటలు వేశాక చెలకల్లో గొర్రెలకు చోటుండదు, అందుకని ఆ మంద భూపాలపల్లి అడవుల వైపు వెళ్లిపోయింది. కాపరి ఫోను కలవదు. బస్సులు మారి రేగొండలో దిగి, కనబడిన ప్రతివాళ్లనూ అడుగుతూ పోతే అడవి అంచున దొరికాడు. గొంగడి మీద కూర్చుని సద్ది తింటున్న ముసలాయన.

“గా తండ చెలకనా? తొమ్మిది దినాలు ఆపినం” అన్నాడు.

“ఏ తారీఖుల తాతా?”

“తారీఖులు నాకేమెర్క బిడ్డా?” అని నవ్వి, చెయ్యి కడుక్కుని మందలోకి నడిచాడు. నల్ల చెవుల పిల్ల ఒకదాన్ని మెడ పట్టుకుని తోలుకొచ్చాడు. “గిది ఆ చెలకలనే పుట్టింది. మేం దిగిన రెండో దినం. ఎల్లుండి ఏరువాక పున్నమనంగ. ఆ అక్కనే దీన్ని గుడ్డతోని తుడ్సింది. తల్లికి బెల్లం నీళ్లు తాపింది.”

నా ఫోన్లో క్యాలెండరు తీసి పున్నమి చూసి వెనక్కి లెక్కపెట్టాను. మంద దిగిన రోజూ లేచిన రోజూ తేలిపోయాయి. ఆయన మాటలు రికార్డు చేశాను. పిల్లను పట్టుకున్న ఆయన ఫోటో తీశాను. కుప్ప ఫోటో అడిగిన ట్యాబ్‌కు గొర్రెపిల్ల ఫోటో ఎక్కించాను. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆఖర్న ‘మార్పుకు కారణం’ అని ఒక గడి వచ్చింది. ‘రైతు తప్పుగా చెప్పారు’ అన్నది ముందే ఎంచి పెట్టి ఉంది. దాని కింద ‘కొలతలో తేడా’, దాని కింద ‘ఇతరములు’. రాసినవాళ్ల తప్పు అన్న మాటే లేదు. ఒళ్లు మండిపోయింది. మరుక్షణమే మీటింగులో నా నోరు పెగలకపోవడం గుర్తొచ్చి ఆ కోపం చల్లారింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉన్నా, ‘ఇతరములు’ నొక్కి రాశాను: ‘రైతు సరిగ్గానే చెప్పారు. డీఏపీ వెయ్యలేదు, గొర్ల మంద పెట్టించారు. గడి నింపడానికి డీఏపీ అని రాసింది నేను.’

ఉద్యోగం పోలేదు. గట్టిగా చీవాట్లు పడ్డాయి. కొన్ని వారాలకు ఆకుపచ్చ కార్డు వచ్చింది. దాన్ని పట్టుకుని సంబరంగా ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, “ట్యాబుల ఏం రాసినవో చదువు” అంది. చదివాను. అంతా విని కార్డు తిరిగి నా చేతిలో పెట్టింది.

“తెల్లది అందరి ముంగట ఇచ్చిన్రు. గిది గూడ గట్లనే ఇయ్యి. నువ్వు రాసింది గూడ ఆడనే చదువు.”

తర్వాతి మీటింగులో లేచి నిలబడ్డాను. ఆ రోజు నవ్వినవాళ్లు వచ్చారు, ఆమె భర్త కూడా వచ్చి గోడవారగా నిలబడ్డాడు. ‘రైతు సరిగ్గానే చెప్పారు’ అన్నంతవరకు బాగానే చదివాను. ఆఖరి వాక్యం దగ్గరికొచ్చేసరికి గొంతు దానంతటదే దిగిపోయింది. ఎట్లాగో ముగించి కూర్చోబోయాను.

“ఇనవడలే చెల్లె” అంది ఆమె. “జర గట్టిగ చదువు.”

మళ్లీ చదివాను. ఈసారి తలెత్తి, ఆమె భర్తకు కూడా వినబడేటట్టు.