దావీదన్న రక్తం, నా ముప్పై ఆరు టిక్కులు

ఒక మనిషికి మూడుసార్లు రక్తం తీయించి, ఆ మనిషికి ఏమైందో ఒక్కసారీ అడగకుండా, లోకం ఇంతవరకు చూడని వింత కనిపెట్టానని పెద్దల ముందు నిలబడి చెప్పుకున్న ఘనత నాది. ఇప్పుడు నా దగ్గర నలుగురు విద్యార్థులు పని నేర్చుకుంటున్నారు. ఈ సంగతి వాళ్లకు ఇంకెవరో చెప్పేలోగా నేనే చెప్పేస్తే పరువు కాస్తయినా మిగులుతుందని రాస్తున్నాను.

శామీర్‌పేటలో ఒక పరిశోధనాలయంలో నేను పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. మన ఒంట్లో రోగంతో పోరాడే తెల్లరక్తకణాలు ఉంటాయి కదా, శత్రువు వచ్చాడన్న కబురు వాటికి అందాక, ఆ కబురు కణం లోపల చేతులు మారుతూ ఎలా పోతుందో చూడటం నా పని. మా అవ్వకు ఇదే చెబితే, "అంటే చాడీలు ఎట్ల పోతయో సూస్తున్నవన్నట్టు" అంది. ఇన్నేళ్లలో ఇంతకన్నా మంచి వివరణ నాకు దొరకలేదు.

ఈ చాడీల సంగతి తేలాలంటే ముందు ఏ గొడవా లేని మనిషి రక్తం కావాలి. ఆరోగ్యంగా ఉన్నవాడి కణాలు మధ్యాహ్నం భోంచేసి పడుకున్నట్టు ఉంటాయి. వాటిని మందు వేసి లేపి, ముందుకూ తర్వాతకూ తేడా చూస్తాం. అలాంటి మనిషి కోసం వెతుకుతుంటే మా స్టాఫ్ బస్సు డ్రైవర్ దావీదన్న, నాది తీసుకో బిడ్డా అని ముందుకొచ్చాడు.

దావీదన్నది సూరారం. వయసు యాభై దాటింది, ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. రోజూ పొద్దున సూరారంలో బస్సు తీసి, పేట్ బషీరాబాద్‌లో నన్ను ఎక్కించుకుని, మేడ్చల్ మీదుగా తీసుకొచ్చేవాడు. నేను ఏనాడూ వేళకు వచ్చిన పాపాన పోలేదు. వచ్చాక కూడా, మా స్టాపులో ఉండే గోధుమరంగు కుక్కకు రెండు బిస్కెట్లు వేస్తే గానీ ఎక్కేదాన్ని కాదు. లోపలివాళ్లు గడియారాలు చూసుకుని గొణిగేవాళ్లు. దావీదన్న మాత్రం, "ఏయనియ్యుండ్రి, అది గూడ పొద్దుగాల్నుంచి ఎదురు సూస్తాంది" అని నన్ను వెనకేసుకొచ్చేవాడు.

రక్తం ఇచ్చేవాళ్లకు ఒక ఫారం ఉంటుంది. ఇంగ్లీషులో పన్నెండు ప్రశ్నలు. జ్వరం వచ్చిందా, దెబ్బ తగిలిందా, ఈ నెలలో ఏదైనా టీకా వేయించుకున్నారా, ఈ వరసలో సాగుతాయి. ఒక్కొక్కటి తెలుగులో అడిగి రాయాలన్నది నియమం. నేనేం చేసి ఉంటానో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. గుండ్రాయిలా ఉన్న మనిషిని ఏం అడుగుతాంలే అని పన్నెండింటికీ "లేదు" దగ్గర టిక్కు కొట్టి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాను. ఆయన నా మీది నమ్మకంతో పెట్టాడు. మూడు వారాలు, మూడు ఫారాలు, ముప్పై ఆరు టిక్కులు.

మొదటి వారమే వింత కనిపించింది. ఏ మందూ వేయకముందే దావీదన్న కణాల్లో కొన్ని లేచి కూర్చున్నాయి. యంత్రం తప్పేమోనని దాన్ని కడిగాను. రెండో వారమూ అంతే, మూడో వారమూ అంతే. మిగతావాళ్ల కణాలు గురక పెడుతుంటే ఈయనవి కాపలా కాస్తున్నాయి. పుట్టుకతోనే మేలుకుని ఉండే కణాలు దొరికాయని తీర్మానించుకున్నాను. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు దానికి పేరు కూడా పెట్టేశాను. అందులో మా ఇంటిపేరు కలిసి ఉండేది, అంతకుమించి చెప్పను.

నా ఆత్రానికి కారణం లేకపోలేదు. నా ఫెలోషిప్ ఆ నెలాఖరుతో అయిపోతోంది. కమిటీలోని నలుగురు పెద్దలు ఒప్పుకుంటే ఇంకో ఏడాది ఇస్తారు, లేదంటే నాలుగేళ్ల పని సగంలో వదిలేసి ఇంటికి పోవాలి. చేతిలో ఉన్న ఫలితాలు అంతంతమాత్రం. నిజంగా భయంగా ఉండేది. భయపడేవాడికి తాడు పాములా కనిపిస్తుందంటారు గానీ, నాకు పామే బంగారు గొలుసులా కనిపించింది.

మా గైడ్ మేడమ్ ఒక్కటే అడిగారు. "వివరాలన్నీ సరిగ్గా తీసుకున్నావా సునీతా?"

"మూడు ఫారాలూ ఉన్నాయి మేడమ్" అన్నాను. అబద్ధం కాదు, ఫారాలున్నాయి.

కమిటీ రోజు రానే వచ్చింది. నేను గొంతు సవరించుకుని నా కనిపెట్టుడంతా చెప్పాను. పెద్దల్లో రిటైరైన ప్రొఫెసర్ గారొకరు, ఆ మనిషిని చూడొచ్చా అని అడిగారు. ఇంత అపురూపమైన మనిషి బస్సులో కూర్చుని ఉండటమేమిటని నేనే పరుగెత్తి పిలుచుకొచ్చాను. ఆయన దావీదన్నకు కుర్చీ చూపించి, ఏం తింటావు, నిద్ర పడుతుందా అని నెమ్మదిగా అడగసాగారు. దావీదన్న జొన్నరొట్టె దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పాడు. నేను గర్వంగా రాసుకుంటున్నాను.

"ఇప్పుడు ఒంట్లో ఎట్లుంది?"

"మంచిగనే ఉన్న సార్. సూదులు గూడ అయిపోవచ్చినయ్. ఇంకొక్కటే ఉన్నది."

నా పెన్ను ఆగిపోయింది.

"ఏం సూదులు?"

"కుక్క కరిస్తె ఏస్తరు గద సార్, గవ్వి. సర్కారు దవాఖానల ఏయించుకుంటున్న. నెల కావస్తాంది."

టీకా అంటేనే కణాలను నిద్రలేపి డ్యూటీకి పంపేది. దావీదన్న కణాలు పుట్టుకతో మేలుకున్నవి కావు, సర్కారు దవాఖాన నర్సమ్మ లేపినవి. అందరూ కొండను తవ్వి ఎలుకను పడతారు. నేను కుక్కను పట్టాను.

మేడమ్ ఫారాలు తీసి బల్ల మీద పరిచారు. టీకా లేదని రాసి ఉందే అన్నారు. దావీదన్న ఫారం వంక చూశాడు, నా మొహం వంక చూశాడు.

"నేనే చెప్పుడు మర్సిన మేడమ్" అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. "ఆయన మర్చిపోలేదు, నేనే అడగలేదు. టిక్కులన్నీ నావే" అని ఒప్పేసుకున్నాను.

ప్రొఫెసర్ గారు ఫారాలు మూడూ ఒక్కొక్కటిగా తిరగేశారు. తర్వాత, ఎవరూ చెప్పని కుక్కకాటును రక్తంలో చూడగలిగావంటే నీ కొలత సరైనదే, నీకు రానిది మనుషులను అడగడం, అది నేర్చుకో అన్నారు. ఏడాదికి బదులు ఆరు నెలలు ఇచ్చారు. ఫారం తెలుగులోకి మార్చే పని నాకే అప్పజెప్పారు.

సాయంత్రం బస్సులో దావీదన్న వెనక సీట్లో కూర్చున్నాను. ఆయన కొన్నాళ్లు కుంటుతూ బస్సెక్కడం నేను చూశాను. కొత్త చెప్పులు కరుస్తున్నాయేమో అనుకున్నాను. ఇప్పుడు సిగ్గుపడుతూ, ఎక్కడ కరిచిందన్నా అని అడిగాను. మేడ్చల్ దాటాక ఆయన చెప్పాడు.

"మీ స్టాపుల్నే బిడ్డా. నువ్వు సెలవు పెట్టిననాడు అది డోరుకాడికొచ్చి నీ కోసం సూస్తాంది. పాపం ఆకలైతాందేమోనని నేనే దిగి బిస్కెట్ పెట్టవోయిన. కొత్తోన్ని గద, పిక్క పట్టింది."

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్తె నువ్వు దానికి బిస్కెట్లు బంద్ జేస్తవని."

కాబట్టి ముప్పై ఆరు టిక్కుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పన్నెండు ప్రశ్నలూ తెలుగులో, మొహం చూసి, జవాబు వచ్చేదాకా ఆగి అడగనిదే ఇంకెవరి ఒంట్లోంచీ చుక్క రక్తం తీయించను. పదమూడో ప్రశ్న నేనే చేర్చాను. ఇప్పటికీ మా ఫారం చివర ఉంటుంది: "ఈ మధ్య మా మూలంగా మిమ్మల్ని ఏదైనా కరిచిందా?"