పర్చూరు బస్సులో బఠాణీ

దగ్గుతున్న బాబు ఒక్కసారిగా దగ్గడం మానేశాడు. వాడి మొహం నా వైపు తిప్పుకున్నాను. నోరు తెరిచే ఉంది, చప్పుడు మాత్రం లేదు.

గుంటూరు నుంచి పర్చూరు వెళ్తున్న బస్సు అది. మా పెద్దమ్మాయికి కొన్న బఠాణీల్లో ఒకటి మూడేళ్ల వాడి గొంతులో పడింది. ముందు సీట్లో పెద్దావిడ వెనక్కి తిరిగి వాడి నెత్తి మీద తట్టింది. "పొలమారిందిలే అమ్మాయ్. వాళ్ల నాన్న తలుచుకుంటున్నట్టున్నాడు. కాసిని నీళ్లు పట్టు."

నేను సీసా మూత తీస్తుంటే పక్కనున్న అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. "నీళ్లొద్దక్కా, ఇటివ్వండి" అని వాణ్ణి లాక్కుని, ఒళ్లో బోర్లా వేసి, తల కిందికి వంచి వీపు మధ్యన గట్టిగా చరిచింది.

"ఏంటే పిల్లా, చంటాణ్ణి చంపుతావా!" అని పెద్దావిడ అరిచింది. ఆ అమ్మాయి ఆగలేదు. ఇంకో రెండు దెబ్బలకు బఠాణీ ఎగిరిపడింది. వాడు బస్సంతా వినపడేలా ఏడ్చాడు. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో తియ్యగానే ఉంది.

"విమానంలో ఉద్యోగం అక్కా. ట్రైనింగులో బొమ్మ మీద నేర్పారు. మనిషికి చెయ్యడం ఇదే మొదలు" అంది. "దగ్గుతున్నంతసేపూ భయం లేదు. దగ్గు ఆగితేనే భయం." పెద్దావిడ ఆమె చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. పేరు అడిగేలోపే ఆ అమ్మాయి చిలకలూరిపేటలో దిగిపోయింది.

మర్నాడు పొద్దున ఇడ్లీ తింటూ పెద్దది అడిగింది. "నిన్న తమ్ముణ్ణి తలుచుకుంది నాన్నేనా?"

"ఎవరూ కాదమ్మా, బఠాణీ అడ్డం పడింది. ఇకనుంచి ఎవరికి పొలమారినా నెత్తి తట్టకు. ముందు దగ్గు వినపడుతోందేమో విను" అన్నాను. "తలుచుకోవడమంటావా, ఆ పిన్నిని మనం తలుచుకుందాం."