యాభై మూడుకి యాభై మూడు

డోడీ పాష్కెవిచ్ గుడ్లు వేసే పెనం ముందు నిలబడి మగవాళ్ళ జాతకాలు చెప్పేది. కాలేజీ భోజనశాలలో ఆమె పక్క పెనం నాది. పదిహేడేళ్ళు ఆమె గుడ్లు వేస్తుంటే నేను పంది మాంసం ముక్కలు వేయించాను. ఆమె మోచేయి ఎన్నిసార్లు నా పక్కటెముకల్లో పొడుచుకుందో లెక్కలేదు. కాబట్టి నేను చెప్పేది నమ్మొచ్చు.

పెన్సిల్వేనియాలో మాది చిన్న ఊరు. గాజు ఫ్యాక్టరీ మూతబడ్డాక కాలేజీ ఒక్కటే మిగిలింది. జూలై వచ్చిందంటే ఆ కాలేజీ మైదానానికి స్టోకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు శిక్షణకి దిగేది. ఎనభై మంది వచ్చేవాళ్ళు. ఒక్కొక్కర్నీ తీసేయగా ఆగస్టు ఆఖరి ఆదివారానికి యాభై ముగ్గురు మిగిలేవాళ్ళు. ఆ యాభై ముగ్గురూ ఎవరో ముందే చెప్పడం మా ఊరికి పట్టిన పిచ్చి. మంగలి కుర్చీలో కూర్చున్నవాడూ అదే మాట్లాడేవాడు, చావు భోజనానికి వచ్చినవాడూ అదే మాట్లాడేవాడు. ఎవరి లిస్టు వాళ్ళు రాసి మాజీ సైనికుల క్లబ్బులో పెట్టెలో వేసేవాళ్ళు. యాభై మూడుకి యాభై మూడూ సరిగ్గా చెప్పినవాళ్ళకి వీధి చివర సామాన్ల షాపువాడు ఒక పెద్ద ఫ్రీజరు ఇస్తానన్నాడు. ఎవరూ చెప్పలేరని వాడి ధీమా. పేపరు వాళ్ళకే నలభై ఏడు దాటేవి కావు.

డోడీకి యాభై ఒకటి, యాభై రెండు వచ్చేవి.

ఆమె ఒక్క ఆట కూడా పూర్తిగా చూసేది కాదు. తినేటప్పుడు చూసేది, అంతే. ఏ కోచ్ ఎవరి బల్ల దగ్గర ఆగుతున్నాడు, ఎవరిని పేరు పెట్టి పిలుస్తున్నాడు, నిన్నటిదాకా ఎవరితో జోకులేసినవాడు ఇవాళ తల దించుకుని పోతున్నాడు, ఇవే ఆమెకి కావలసినవి. ఉండబోయేవాడు తలుపు వైపు చూడడు అనేది. పొద్దున్నే జట్టు తరపున ఒకడు ఫైలు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి, "నీ ఆట పుస్తకం తీసుకుని పైకి రా" అంటే, జట్టు ఎత్తుగడలు రాసిన ఆ పుస్తకం తిరిగి ఇచ్చేయమనే, ఇక ఆ ఆటగాడి పని అయిపోయినట్టే. మేం వాణ్ణి కత్తెర అనేవాళ్ళం. కత్తెర నోరు విప్పకముందే డోడీ పేరు చెప్పేసేది.

ఆమె నోటికి దయ అనేది తెలియదు. ఒక ఏడు ఎవరో ఆటగాడి పుట్టినరోజని వంటగదిలో కేకు చేశారు. "అంత పెద్దదెందుకు? ఆదివారానికి ఉండడుగా, సగం చాలు" అంది. ఆ అబ్బాయి పళ్ళెం పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఆదివారానికి లేడు కూడా.

ఈ గుణం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. డెబ్బై ఎనిమిదిలో గాజు ఫ్యాక్టరీ వాళ్ళు పనిలో ఉంచుకునేవాళ్ళ పేర్లు గేటుకి అంటించారు. వాళ్ళాయన స్టాన్ పేరు కోసం డోడీ వానలో అరగంట వెతికింది. లేదు. "ఫోర్‌మన్ ఎవడితో కలిసి తాగుతున్నాడో రెండు నెలల ముందు చూసుకుని ఉంటే నాకు తెలిసేదే" అంది నాతో. మూడేళ్ళకి స్టాన్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పిల్లల్లేరు. అప్పట్నుంచీ ఆమె చూస్తూనే ఉంది.

తొంభై ఆరులో లియోటిస్ బ్రానమ్ వచ్చాడు. మిసిసిపీ పిల్లాడు, ఇరవై మూడేళ్ళు. ఏటా జరిగే ఆటగాళ్ళ ఎంపికలో ఏ జట్టూ ఎంచుకోకపోతే, చూద్దామని ఊరికే పిలిపించుకున్న వాళ్ళలో ఒకడు. ఎదుటివాణ్ణి అడ్డుకోవడమూ, బంతి పట్టుకోవడమూ రెండూ చేయవలసిన స్థానం అతనిది. ఆ స్థానానికి జట్టులో ముగ్గుర్ని ఉంచుకుంటారు. ఇద్దరు ఖాయం. మూడోదానికి ఇతనూ, పదకొండేళ్ళుగా ఆడుతున్న కర్ట్ వైన్‌హోల్ట్ అనే మోకాలు అరిగిన మనిషీ పోటీ.

లియోటిస్ ప్రతి మాటకీ "అమ్మా" అనేవాడు. మా దగ్గర ఎవరూ అలా అనరు. మొదటి వారం డోడీ, "నేనేం మీ అమ్మనా?" అని కసిరింది. రెండో వారానికల్లా అతని కోసం వాళ్ళ వైపు తినే మొక్కజొన్న రవ్వ జావ విడిగా కాచేది, వెన్న వేసి. అది మా వంటల పట్టీలో లేనే లేదు.

"ఏమే డోడీ, మూడోవాడు ఈ పిల్లాడేనా?" అని అడిగాను.

"జావ వేరు, లిస్టు వేరు" అంది.

ఆఖరి ఆదివారానికి నాలుగు రోజుల ముందు, బుధవారం పొద్దున లియోటిస్ అందరికంటే ముందు వచ్చాడు. పళ్ళెం చాపలేదు.

"డోడీ గారూ, ఒక మాట అడగొచ్చా అమ్మా?"

"గుడ్ల గురించైతే అడుగు."

"గుడ్ల గురించి కాదమ్మా. మీ లిస్టులో నేనున్నానా?"

డోడీ పెనం గీకుతున్న చెయ్యి ఆపింది. "లిస్టు సంగతి నీకెవరు చెప్పారు?"

అతను నా వైపు చూశాడు. చెప్పింది నేనే. అంతకుముందు రోజు వరసలో నిలబడ్డప్పుడు, "మా డోడీ లిస్టు తప్పదబ్బాయ్, ఏడాదికి ఒకటో రెండో" అని గొప్పలు పోయాను.

"మా బావ ఓడల యార్డులో చేస్తాడమ్మా" అన్నాడు లియోటిస్. "వెల్డింగు పని ఒకటి ఉంది. సోమవారం పొద్దున నేను గేటు దగ్గరుంటేనే నాకు, లేకపోతే ఇంకొకడికి. ఆదివారం ఇక్కడ తీసేస్తే నేను అందుకోలేను. బస్సులో రెండు రోజులు పడుతుంది. మా ఆవిడకి ఏడో నెల."

"నేను కోచ్‌ని కాదు నాయనా. గుడ్లు వేసుకునేదాన్ని."

"అయినా మీకు తెలుసు గదమ్మా."

ఆ మాట పనిచేసింది. ఊళ్ళో అందరూ ఆమె లిస్టు అడిగేవాళ్ళే కానీ నవ్వకుండా అడిగినవాడు లేడు. పొద్దున రేడియోలో మాట్లాడే రస్ గాల్‌బ్రెయిత్ ఏటా ఆమె లిస్టు చదివి, "ఇదండీ, గరిటె పట్టిన కోచ్ గారి తీర్పు" అని పకపకా నవ్వేవాడు.

"లేవు" అంది డోడీ.

అతను తల ఊపాడు. "కర్ట్ గారా?"

"కర్టే. మూడు రోజులుగా మీ కోచ్ హాన్లన్ లేచి వెళ్ళి అతని కప్పులో తన చేత్తో కాఫీ పోస్తున్నాడు. తీసేసేవాడికి ఎవరూ కాఫీ పోయరు."

"నిజం చెప్పారమ్మా, చాలు" అన్నాడు. అప్పుడు పళ్ళెం చాపాడు. నాలుగు గుడ్లూ, జావా అంతా తిన్నాడు. గురువారం తెల్లారేసరికి ఆట పుస్తకం హాన్లన్ గది గుమ్మం ముందు పెట్టేసి వెళ్ళిపోయాడు.

శుక్రవారం రస్ రేడియోలో డోడీ లిస్టు చదివాడు. ఆదివారం మధ్యాహ్నం మాజీ సైనికుల క్లబ్బులో టీవీ ముందు ఊరంతా చేరింది. జట్టు పేర్లు ఒక్కొక్కటే వస్తుంటే క్లబ్బు గుమాస్తా డోడీ కాగితం మీద టిక్కులు పెట్టాడు. నలభై దాటాక గదిలో మాటలు ఆగిపోయాయి. మూడో స్థానానికి వైన్‌హోల్ట్ పేరు వచ్చినప్పుడు డోడీ నా చెయ్యి నొక్కింది. యాభై మూడో పేరుకి బల్లలు ఎగిరాయి. ఎవడో ఆమెని కుర్చీతో సహా పైకెత్తాడు. చెప్పులు జారి పడిపోయినా ఆమె పట్టించుకోలేదు. ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది.

సోమవారం ఉదయం హాన్లన్ కాఫీ కప్పు పట్టుకుని మా పెనాల దగ్గరికి వచ్చాడు. మంచివాడే. అందరూ వినాలని కాదు, ఎవరితోనైనా చెప్పుకోవాలని వచ్చినట్టున్నాడు.

"యాభై మూడూ కొట్టావటగా డోడీ. కానీ నీకు అదృష్టం కలిసొచ్చింది, తెలుసా?"

"అదృష్టమేంటి?"

"వారం కిందటే కర్ట్ పేరు కొట్టేశాం. బోర్డు మీద ఆ పిల్లాడి పేరుంది, బ్రానమ్‌ది. ఆదివారం దాకా బయటికి చెప్పకూడదని మా రూలు. వాడేమో గురువారం చెప్పా పెట్టకుండా పోయాడు. ఏం చేస్తాం, మళ్ళీ కర్ట్ పేరే రాశాం."

"మరి కర్ట్‌కి కాఫీ పోశావుగా" అంది డోడీ. గొంతు మామూలుగానే ఉంది.

"పోయనా మరి? పదకొండేళ్ళు ఆడినవాణ్ణి వెళ్ళగొట్టబోతున్నాను. వాడి ముఖం చూస్తే నాకే మింగుడు పడలేదు. ఇంకేం చేయగలను, కాఫీ పోశాను."

డోడీ చేతిలో గుడ్డు పగిలి పెనం అంచు మీంచి నేల మీదికి కారింది.

"ఆ అబ్బాయిని వెనక్కి పిలవచ్చుగా" అన్నాను నేను.

"హెడ్ కోచ్ వినలేదు. భయపడి పారిపోయాడు అన్నాడు. ఏదో కారణం ఉందని తెలిస్తే మాట్లాడేవాణ్ణి. వాడేమీ రాసిపెట్టలేదు." హాన్లన్ కాఫీ కప్పు పట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను డోడీ భుజం పట్టుకుని ఇటు తిప్పాను. "వెళ్ళి చెప్పవే. నేను లేవన్నాను, అందుకే పోయాడు అని చెప్పు. ఇంకా టైముంది. కర్ట్‌ని తీసి వాణ్ణి పెట్టుకుంటారు."

"అప్పుడు నాకు యాభై రెండే."

"పోతే పోయింది!"

"పదకొండింటికి ఫ్రీజరు తెస్తున్నారు" అంది. "పేపరువాడు ఫోటోకి వస్తున్నాడు."

నేను వెళ్ళి చెప్పి ఉండొచ్చు. నాకూ కాళ్ళున్నాయి. లిస్టు గురించి ఆ పిల్లాడి దగ్గర గొప్పలు పోయింది ఎవరని హాన్లన్ అడుగుతాడేమోనని పెనం ముందు నుంచి కదల్లేదు. మంగళవారం పేపర్లో ఫోటో వచ్చింది. ఫ్రీజరు మూత మీద చెయ్యి వేసి డోడీ నిలబడి ఉంది, జుట్టు రింగులు చుట్టించుకుని మరీ.

బుధవారం ఆమె మిసిసిపీకి ఫోన్ చేసింది. శిక్షణ కాగితాల్లో నంబరుంది. వంటగది గోడ ఫోనే, నేను పక్కనే ఉన్నాను. అవతలి మాటలు నాకూ వినబడ్డాయి.

"యాభై మూడూ వచ్చాయటగా అమ్మా! కర్ట్ గారి పేరు టీవీలో చూసి మా ఆవిడకి మీ సంగతి చెప్పాను. మీరు నిజం చెప్పబట్టి సోమవారం గేటు దగ్గరున్నాను. ఇక్కడ పని బాగుంది. మీ మేలు మర్చిపోనమ్మా."

"మంచిది నాయనా" అని డోడీ ఫోన్ పెట్టేసింది. ఆ రోజు జావ గిన్నె తోముతూ గిన్నెకి సొట్ట పడేదాకా తోమింది.

అక్టోబరులో నాలుగో ఆటకే వైన్‌హోల్ట్ మోకాలు విరిగింది. ఏ జట్టులోనూ లేని ఎవణ్ణో పిలిచి ఆ స్థానంలో పెట్టుకున్నారు. డిసెంబరులో హాన్లన్ పేపరు మనిషితో మాట్లాడుతూ, జట్టులో చోటు దొరికాక పారిపోయిన పిల్లాడి కథ చెప్పాడు. రస్ దాన్ని రేడియోలో చదివాడు. "ఓరి పిరికివెధవా! నాలుగు రోజులు ఆగలేకపోయావురా!" అని బల్ల చరిచాడు. పెనాల దగ్గర అందరూ నవ్వారు. డోడీ పెనం గీకుతూనే ఉంది.

ఆ కథ దేశమంతా తిరిగింది. జనవరిలో వంటగది ఫోన్ మోగితే నేను తీశాను. ఎవరో ఆడమనిషి. వెనక పసిబిడ్డ ఏడుస్తోంది.

"డోడీ అంటే మీరేనా?"

నేను ఫోన్ అందించాను. డోడీ గోడకి తిరిగి చాలాసేపు విన్నది. చివరికి, "తెలుసు. మర్నాడే, సోమవారమే తెలిసింది" అంది. తర్వాత, "అవును, ఫోన్ చేసినప్పుడు కూడా తెలుసు" అంది. అవతల ఫోన్ పెట్టేసిన శబ్దం వచ్చింది. ఈమె ఇంకా చెవి దగ్గర పట్టుకునే ఉంది.

"ఏమందే?"

"లియోటిస్ వాళ్ళావిడ. పేపరు చూశాక అతను వారం రోజులు మంచం దిగలేదట. పనిలోంచి తీసేశారట." మళ్ళీ తనే, "నేనేం అబద్ధం చెప్పానే? నాకు కనబడింది చెప్పాను" అంది. ఆమె నా జవాబు కోసం ఆగకుండా గుడ్ల డబ్బా తెరిచింది.

మరుసటి వేసవికి ఈ సంగతి ఎలాగో జట్టు వాళ్ళ చెవిన పడింది. వంటగదిలో ఒక ముసలిది ఆటగాళ్ళని బెదరగొడుతోందని కాలేజీకి ఫిర్యాదు వచ్చింది. డోడీని వెనక గదిలో అంట్లు తోమే దగ్గర వేశారు. ఆమెని కుర్చీతో ఎత్తినవాళ్ళే ఇప్పుడు ఎదురొస్తే రోడ్డు అవతలికి మారేవాళ్ళు, దిష్టి తగులుతుందన్నట్టు. అయినా ఆగస్టు వచ్చేసరికి వాళ్ళలో ఇద్దరు చాటుగా నా దగ్గరికి వచ్చి, "ఈ ఏడు డోడీ ఏమంటోంది?" అని అడిగారు.

వెనక గదిలో ఆమెకి ఆటగాళ్ళు కనబడరు. గోడకున్న కంతలోంచి ఎంగిలి పళ్ళేలు మాత్రం జారుతూ వస్తాయి. ఒకరోజు నేను మసిగుడ్డల కోసం లోపలికి వెళ్ళాను. ఆమె ఒక పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. గుడ్లు ముట్టుకోలేదు. రొట్టె మాత్రం పొడిపొడిగా తుంచి అంచు చుట్టూ పేర్చి ఉంది.

"వీడు పోతాడు" అంది.

"ఎవరు?"

"ఎవరో. పేరు నాకెందుకు?"

అంతలో బయట గదిలో అంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. తలుపు దగ్గర కత్తెర నిలబడి ఎవరినో పిలుస్తున్నాడు. నేను కంతలోంచి వంగి చూశాను. గోధుమరంగు జుట్టు పిల్లాడొకడు ఖాళీ చేతులతో లేచాడు. అతని ముందు పళ్ళెం లేదు. అప్పుడే ఇచ్చేసినట్టున్నాడు.

డోడీ చూడ్డానికి రాలేదు. గుడ్లు చెత్త డబ్బాలోకి గీకేసి, పళ్ళెం వేడినీళ్ళలో ముంచి, కంతలోంచి జారిన తర్వాతి పళ్ళెం అందుకుంది.