ప్రేమమ్మ ఎగిరిన సినిమా

ప్రేమమ్మది వంటపని. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పెళ్లయినా, దినాలయినా కబురు ఆమెకే వస్తుంది. భర్త పోయాక ఆ గరిటెతోనే కొడుకు జగదీశ్వర్‌ను చదివించి, పెళ్లి చేసింది. సినిమాలంటే ఆమెకు ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు.

నిరుడు చలికాలంలో శేరిగూడ అవతలి బీడుభూముల్లో పిల్లల సినిమా ఒకటి తీశారు. అందులో ఒక ముసలామె మంత్రపు చీర కట్టుకోగానే గాలిలోకి లేస్తుంది. ఆ యూనిట్‌కు వంట చేసే పని ప్రేమమ్మకు దొరికింది.

ముసలామెగా వేసిన నటికి ఎత్తంటే భయం. క్రేన్ తాళ్లు నడుముకు తగిలించగానే వద్దు వద్దంటూ కూలబడింది. ఆమెకు బదులు ఎగరాల్సిన మనిషి ఆ పొద్దు రాలేదు. డైరెక్టర్ చుట్టూ చూశాడు. పప్పు కలుపుతున్న ప్రేమమ్మ కనపడింది. అదే ఎత్తు, అదే ఒళ్లు.

"ఒక్కసారి పైకి లేస్తారా అమ్మా? మొహం కనపడదు."

"పప్పు అడుగంటుతది," అంది ప్రేమమ్మ.

"పప్పు వేరేవాళ్లు చూస్తార్లెండి," అన్నాడు తాళ్లు కట్టే ఫణి. అతనిది భీమవరం వైపు. "నేను కట్టిన తాడు ఇంతవరకూ తెగలేదండి."

ఎందుకు ఒప్పుకుందో ఆమె తర్వాత ఎవరికీ సరిగా చెప్పలేకపోయింది. మొదటిసారి కళ్లు గట్టిగా మూసుకుని "దించుండ్రి, దించుండ్రి" అని అరిచింది. రెండోసారి కళ్లు తెరిచింది. చెరువు మీద కొంగలు ఆమెకన్నా కిందుగా పోతున్నాయి. పుట్టి పెరిగిన ఊరు ఆమెకు ఎన్నడూ అట్లా కనపడలేదు. పైన ఒక్కతే ఉండి నవ్వింది. దించాక, "మళ్లోపారి లేపుతరా?" అని అడిగింది. సీను అయిపోయిందన్నారు. పోయి పప్పు చూసుకుంది.

ఇంట్లో కోడలు స్వప్న ఊరుకోలేదు. "పడితె ఏమైతుండె అత్తమ్మా? ఈ ఈడుల గవన్నీ అవసరమా?"

"పడలే గదనే," అంది ప్రేమమ్మ.

ఎండాకాలం సినిమా వచ్చింది. అందరూ కలిసి పోయారు. తెర మీద చీర లేచింది, ముసలామె లేచింది. మొహం మాత్రం ఆ నటిది.

"నువ్వేడున్నవే అమ్మా?" అన్నాడు జగదీశ్వర్.

"కాళ్లు నావేరా."

తాళ్లు కంప్యూటర్‌లో చెరిపేస్తారని ఫణి ముందే చెప్పాడు. అయినా ఆమె తాళ్ల కోసం వెతికింది. అవి లేవు. ముసలామె చెరువు దాటి, కొంగలను దాటి, మబ్బుల్లోకి పోయింది. హాల్లో పిల్లలంతా కేకలు పెడుతుంటే ప్రేమమ్మ నోరు తెరుచుకుని చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మనవరాలు అడిగింది. "అవ్వా, నిజంగ ఎగిరినవా?"

"ఎగిరిన బిడ్డా. తాళ్లు గట్టి లేపిండ్రు."

"అబద్ధం! తాళ్లు లెవ్వు. నేను మంచిగ చూసిన."

సెలవుల్లో వాడకట్టు పిల్లలు రావడం మొదలుపెట్టారు. క్రేన్ సంగతి, తాళ్ల సంగతి ఆమె విడమరిచి చెప్పేది. ఎవరూ నమ్మేవారు కాదు. "మంత్రం చీర ఏడ దాచినవ్?" అని అడిగేవారు. కొన్నాళ్లకు చెప్పడం మానేసింది.

ఒకనాడు పొద్దుగూకే ముందు మళ్లీ వచ్చారు. "ఒక్కపారి ఎగురవా అవ్వా?"

ప్రేమమ్మ చింతపండు గింజలు తీస్తూ ఆకాశం వైపు చూసింది. "ఇయ్యాల గాలి లేదు బిడ్డా. గాలొస్తె చూద్దాం."

లోపలున్న స్వప్న అత్త వంక చూసి, తనూ గడప దగ్గరికి వచ్చి నిలబడింది. పిల్లలు అరుగు మీద వరసగా కూర్చుని గాలి కోసం ఎదురుచూశారు.