నాలుగు గోడల మధ్య ఏడుపు

హామో పని గోడలు మెత్తడం. పేడా గడ్డీ కలిపి తొక్కిన మట్టిని తడికకు పట్టించి, అరచేత్తో నునుపు చేయడం తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి అతనికి వచ్చింది. తాతకు ముందు ఎవరున్నారో అతనికి తెలియదు. ఎవరూ అడిగిందీ లేదు. సర్ గెర్వాస్ భార్య మాబెల్ సంగతి వేరు. ఆమె పుట్టింటివారి తొమ్మిది తరాల పేర్లు తోలుపత్రం మీద ఉన్నాయి. ఆ తొమ్మిది తరాల భూమి ఇప్పుడు హామో చెవి మీద ఆధారపడింది.

ఈస్టరుకు ముందు, మాబెల్ ప్రసవ గదిలోకి చలిగాలి చొరబడకుండా పగుళ్లు పూడ్చమని అతన్ని పిలిచారు. బయట నిలబడి మట్టి నొక్కుతుండగా లోపల బిడ్డ ఒక్కసారి ఏడ్చింది, పిల్లికూనలా సన్నగా. మరి ఏడవలేదు. పొద్దుగూకకముందే తల్లీ బిడ్డా పోయారు.

రాజ్యపు చట్టం ప్రకారం, పుట్టిన బిడ్డ నాలుగు గోడల మధ్య ఏడవగా విన్నవారుంటే, చనిపోయిన భార్య భూమి భర్తకు అతను బతికినంతకాలం చెందుతుంది. లేకపోతే వెంటనే ఆమె పినతండ్రి, పెద్ద ప్రభువు అయిన ఎర్ల్‌కు పోతుంది. గదిలోని ఐదుగురు స్త్రీలూ విన్నారు. కాని ఈ విషయంలో రాజుగారి న్యాయస్థానం స్త్రీల మాట తీసుకోదు. మగవాడు ఆ గదిలో అడుగుపెట్టడు. కాబట్టి మిగిలింది గోడ బయటివాడే.

హామో గుడిసె ఉన్నది ఎర్ల్ భూమిలో.

సాక్ష్యానికి మూడు రోజుల ముందు ఎర్ల్ మనిషి రాల్ఫ్ వచ్చి, గుర్రం దిగకుండానే గుడిసె కప్పును కొరడాతో తట్టాడు.

"ఏరా, నీ చెవులు మహా చురుకంట కదా?"

"అంత లేదు దొరా."

"మట్టిపని చేసేవాడివి. చెవుల్లో మట్టి పడి ఉంటుందిలే. న్యాయమూర్తిగారికి ఆ ముక్కే చెప్పు." అతను నవ్వాడు. "కప్పు బాగుంది. గడ్డి ఎండితే మాత్రం ఇట్టే అంటుకుంటుంది."

గుర్రం వాగు దాటేదాకా హామో గుమ్మంలోనే ఉన్నాడు. భార్య హవీస్ గంజి ముందు పెట్టింది. అతను ముట్టలేదు.

"వినలేదని చెప్పేస్తానే," అన్నాడు. "గెర్వాస్ దొర మనకేమన్నా చుట్టమా?"

"కాదు."

"మరి నీ మొహం అలా ఉందేం?"

ఆమె గిన్నె పక్కకు జరిపింది. "మన బిడ్డ ఏడవలేదయ్యా. అందుకే జ్ఞానస్నానం లేకుండా ఆ పిల్లను గుడి కంచె అవతల పూడ్చారు. దొరసాని బిడ్డ ఏడ్చింది. మంత్రసాని జ్ఞానస్నానం కూడా ఇచ్చింది. నువ్వు వినలేదంటే, అది బతకనే లేదన్నట్టు."

"గుడిసె కాలిస్తేనో?"

"నాకూ భయమేనయ్యా. చెప్పొద్దనీ అనలేను, చెప్పమనీ అనలేను."

హెర్‌ఫోర్డ్‌లో రాజుగారి న్యాయమూర్తి ఎదుట హామో సువార్త గ్రంథం మీద చెయ్యి పెట్టినప్పుడు ఆ చెయ్యి తనది కానట్టు అనిపించింది. గోడ పక్కన రాల్ఫ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"విన్నావా?" అన్నాడు న్యాయమూర్తి.

హామో ధైర్యం వస్తుందని ఎదురుచూశాడు, రాలేదు. ధైర్యం వచ్చాకే నిజం చెప్పాలంటే, లోకంలో చాలా నిజాలు చెప్పకుండానే మిగిలిపోయేవి.

"విన్నానయ్యా."

"ఎన్నిసార్లు?"

గెర్వాస్ మనుషులు అతన్ని ముందే రెండు మూడుసార్లని చెప్పమన్నారు. "ఒక్కసారే."

"ఒక్కసారి చాలు," అని న్యాయమూర్తి రాయించాడు. భూమి గెర్వాస్‌కు దక్కింది. అతను హామో వైపు చూడనైనా చూడలేదు.

ఆ తర్వాత హామో పదకొండేళ్లు బతికాడు. గుడిసె ఎవరూ కాల్చలేదు. వేరే చోట ఇంతకంటే పెద్ద తగాదాల్లో పడి ఎర్ల్ అతన్ని మరిచిపోయి ఉండాలి. ప్రభువుల మరుపు చూడడానికి దయలా ఉంటుంది, దయ కాదు. భయపడేవాడికి, మరిచిపోయామని ఎవరూ కబురు పంపరు. వేసవిలో కప్పు గడ్డి ఎండినప్పుడల్లా అతను నీళ్లు చల్లేవాడు. వాగు దగ్గర గుర్రపు డెక్కల చప్పుడైతే చాలు, హవీస్‌ను పెరటి దారిన పంపేసి, చేతుల మట్టి కడుక్కోకుండానే వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. గుర్రాలు దాటిపోయేవి. అతను మాత్రం ఇంకా కాసేపు అక్కడే నిలబడేవాడు.