నూనె వదిలితేనే లోపలికి

గొప్పలు చెప్పుకోకూడదంటారు పెద్దలు. నేను చెప్పుకుంటాను. ఇరవై ఏళ్ళు నౌకాదళంలో డాక్టరుగా చేశాను. తెల్ల యూనిఫారం వేసుకుని విశాఖపట్నం వీధుల్లో స్కూటర్ మీద వెళ్తుంటే జనం తలతిప్పి చూసేవారు, నాకది బాగానే ఉండేది. ఎందుకు అబద్ధమాడాలి?

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పోర్టు క్వార్టర్స్‌లోనే పుట్టి పెరిగాను. మిలిటరీలో చేరతానన్నప్పుడు అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. "జుట్టు మాత్రం కత్తిరించుకోకు." ఆవిడ దృష్టిలో నా మోకాళ్ళ దాకా వచ్చే జడే నా పెళ్ళికి ఏకైక ఆధారం. సొంత ఊళ్ళో పోస్టింగ్ వచ్చాక ఇంటి నుంచే డ్యూటీకి వెళ్ళేదాన్ని. రోజూ పొద్దున్నే అమ్మ నా వెనక కూర్చుని కొబ్బరినూనె జిడ్డోడేలా పట్టించి జడ వేసేది. నేను దాన్ని ముడి చుట్టి టోపీ కింద దాచేదాన్ని.

అప్పట్లో నన్ను డైవర్ల యార్డులో వేశారు. సముద్రంలోకి దిగి ఓడల అడుగు భాగాలు చూసేవాళ్ళు, మునిగినవి వెలికితీసేవాళ్ళు అక్కడ ఉంటారు. వాళ్ళకోసం ఒక ఛాంబర్ ఉండేది. పెద్ద ఇనుప పీపాని అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటుంది. పక్కన చిన్న గుండ్రటి అద్దం, ముందు బరువైన తలుపు. లోతుల్లో ఎక్కువసేపు ఉన్నవాడి ఒంట్లోకి గాలి ఇంకుతుంది. వాడు నెమ్మదిగా పైకి రావాలి. ఒక్క ఊపున వచ్చేస్తే గోళీసోడా కొట్టినప్పుడు పొంగినట్టే రక్తంలో బుడగలు లేస్తాయి. అవి వెన్నులో చేరితే కాళ్ళు పోతాయి. అలాంటివాణ్ణి ఛాంబర్లో పెట్టి, గాలి ఒత్తిడి పెంచి, మాస్కుతో ఆక్సిజన్ ఇస్తూ గంటల తరబడి ఆ ఒత్తిడిని మెల్లగా దింపుకు రావాలి. ఆలస్యమైన కొద్దీ కాళ్ళు తిరిగొచ్చే ఆశ తగ్గిపోతుంది.

తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం గేటు దగ్గర నుంచి సెంట్రీ ఫోన్ చేశాడు, ఆటోలో ఎవరో మనిషిని తెచ్చారని. వెళ్ళి చూశాను. యారాడ వైపు పల్లెవాడు, పాతికేళ్ళుంటాయి. వలలకి వెళ్తూనే ఒక కాంట్రాక్టరు దగ్గర డైవింగ్ పని కూడా చేస్తాడట. తెగిపోయిన లంగరు కోసం పొద్దున్నుంచి దిగుతున్నాడు. బోటు మీద గాలి పంపే కంప్రెసర్ ఆగిపోతే ప్రాణభయంతో పైకి తన్నుకొచ్చేశాడు. ఒడ్డుకొచ్చేసరికి భుజం నొప్పి, ఇంటికెళ్ళేసరికి కాళ్ళు లేవు. యార్డులో పనిచేసిన పాత డైవరొకడు వాళ్ళ పల్లెలో ఉండబట్టి, ఆసుపత్రులు తిప్పకుండా తిన్నగా ఇక్కడికి పంపాడు.

ఆటోలో అతని తల ఒళ్ళో పెట్టుకుని భార్య కూర్చుంది. సన్నగా ఉంది, గొంతు మాత్రం రేవులో పాట పాడే గొంతు. "అమ్మా, నడుం కాణ్ణించి కిందకి ఏటీ తెలీట్లేదంట. కాళ్ళు లేపోతే ఆడు బోటెలాగెక్కుతాడమ్మా?" అంది.

బయటివాళ్ళని లోపలికి రానివ్వాలంటే పై అధికారి అనుమతి కావాలి. ఫోన్ చేశాను. ఆయన రూల్స్ మొదలుపెట్టాడు. "సార్, వీడి కాళ్ళు పోతున్నాయి. గేటు పాసు తర్వాత రాసుకుందాం. మీరు తిడితే సాయంత్రం వచ్చి నిలబడతాను" అన్నాను. ఆయన "తీసుకెళ్ళు" అన్నాడు. మంచి మనిషి.

యార్డులో స్ట్రెచర్ మీదకి మార్చబోతే అతను చేపలా చేతుల్లోంచి జారిపోయాడు. మెడ నుంచి మడమల దాకా నూనె. వెల్లుల్లి వేసి కాచిన నువ్వులనూనె, వాసనకే కళ్ళు మండాయి. సముద్రం మీద చలి పట్టి కొంకర్లు పోయినవాడికి వాళ్ళిళ్ళలో చేసే మొదటి వైద్యం అది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరు రాశారు ఇదంతా? గిన్నెడు నూనె కుమ్మరించారా?" అని అరిచాను.

"నానే రాసినాను. ఈ నూనెకేనేటమ్మా కాళ్ళు పోనాయి?" అంది ఆమె. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

అప్పుడు నా నోరు మీద నాకే కోపం వచ్చింది. దగ్గరికెళ్ళి చెప్పాను. "నూనె వల్ల పోలేదమ్మా. కానీ లోపల ఆక్సిజన్ పెడతాం. ఆ గాల్లో నూనె జిడ్డుంటే చిన్న నిప్పురవ్వ చాలు, మనిషి నిలువునా కాలిపోతాడు. ఇదంతా వదిలితేనే లోపలికి."

ఆమె కొంగు బిగించింది. మా డైవర్లు బకెట్లతో వేడినీళ్ళు, బట్టల సబ్బు తెచ్చారు. వాళ్ళలో ఒకడు రుద్దబోతే చెయ్యి తోసేసింది. "రాసిన్దాన్ని నానున్నాను కదా. నానే కడుగుతాను." పీచు పెట్టి పెద్ద చేప పొలుసు తీసినట్టు రుద్దింది. అతను పైకి చూస్తూ పడుకుని, "మెల్లగే, తోలొచ్చెత్తాది" అన్నాడు. "నీకు తెలుత్తన్న కాణ్ణే మెల్లగా రుద్దుతున్నాను, నోర్ముయ్" అంది. ఆ మాట అన్నాక ఆమే ముందు ఏడ్చింది.

ఇంకో చిక్కు. రోగితోపాటు ఒక మనిషి లోపల ఉండాలి. మామూలుగా మా మెడికల్ అసిస్టెంట్ వెళ్తాడు. ఆ రోజు వాడికి జలుబు. జలుబు చేసినవాణ్ణి ఆ ఒత్తిడిలోకి పంపితే చెవుల్లో కర్ణభేరి పగులుతుంది. మిగతా అసిస్టెంట్లు ఓడ మీద సముద్రంలో ఉన్నారు. సరే, నేనే వెళ్తానన్నాను. అని, అలవాటుగా టోపీ తీసి ముడి సర్దుకోబోయాను. అరచెయ్యంతా కొబ్బరినూనె.

రెండుసార్లు సబ్బుతో రుద్దాను. అంత జుట్టుకి అది ఏ మూలకి? తలలో తడి, జిడ్డు అలాగే ఉన్నాయి. డ్రెస్సింగ్ కత్తెర తీసుకుని ఆమె చేతిలో పెట్టాను.

"మెడ దగ్గరికి కొయ్యి."

ఆమె వెనక్కి జరిగింది. "పెళ్ళి కావలసిన ఆడపిల్ల జడ కొయ్యడమేటమ్మా? పాపం సుట్టుకుంటాది."

"నీ మొగుడి కాళ్ళు కావాలా, నా జడ కావాలా?"

ఇంకో మాట లేకుండా కోసింది. గట్టి జుట్టు, కత్తెర కిర్రుమంది. జడ నేల మీద పడితే తొక్కకూడదని తీసి కిటికీలో పెట్టింది. మిగిలిన జుట్టు జిడ్డు వదిలేదాకా తనే రుద్దింది. నూలు బట్టలు వేసుకుని లోపలికి వెళ్ళాను. తలుపు మూసేశారు. మధ్యలో కాలు చెయ్యి విరిగినా తీయడానికి లేదు.

గాలి హోరుతో ఒత్తిడి పెరిగింది, లోపల వంటిల్లులా వేడెక్కింది. నేను ముక్కు మూసుకుని గుటకలు వేస్తూ చెవులు సర్దుకుంటుంటే అతను నన్ను చూసి, "అలవాటు లేదేటమ్మా?" అన్నాడు. కాళ్ళు పోయినా ఎగతాళి పోలేదు. మాస్కు పెట్టి నోరు మూయించాను.

పదే పదే గుండుసూదితో అరికాళ్ళు గుచ్చి చూశాను. మాస్కుతోనే తల అడ్డంగా ఊపేవాడు. మొదట నన్ను చూసి ఊపేవాడు, తర్వాత్తర్వాత పైకప్పు చూస్తూ ఊపాడు. అద్దం అవతల ఆమె ముఖం కదల్లేదు. నాకు లోపల భయం పట్టుకుంది. ఆలస్యమైందేమో, సబ్బూ నీళ్ళూ అంటూ నేనే సమయం తినేశానేమో అనుకున్నాను. సాయంత్రపు ఎండ అద్దంలోంచి పడుతున్నప్పుడు మళ్ళీ గుచ్చాను. అతను తల ఊపలేదు. మాస్కు పక్కకి లాగి, "సీమేదో కుట్టినట్టున్నాదమ్మా" అన్నాడు.

నేను అద్దం వైపు తిరిగి నా కాలి బొటనవేలు పైకెత్తి చూపించాను. ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అద్దానికి నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది.

ఒక్క రోజుతో తేలలేదు. వారంపైన రోజూ లోపలికి తీసుకెళ్ళాం. జలుబు తగ్గాక మా అసిస్టెంటూ నేనూ వంతులు వేసుకున్నాం. మొదటి రోజు రాత్రి ఇంటికెళ్తే మా అమ్మ నా తల చూసి సోఫాలో కూలబడింది. "ఎవరికోసమే?" అంది. చెప్పాను. మర్నాడు పొద్దున్నే నూనెసీసా అటక మీద పెట్టేసి, "ఆ పిల్లాడు అన్నం తింటున్నాడా?" అని అడిగింది. అదీ మా అమ్మ.

ఆఖరి రోజు తలుపు తీసేటప్పటికి డైవర్లు స్ట్రెచర్ పట్టుకుని నిలబడ్డారు. అతను, "తప్పుకోండి బావా" అన్నాడు. ఛాంబర్ తలుపుకి ఎత్తైన ఇనుప గడప ఉంటుంది. అంచు పట్టుకుని లేచాడు. కుడికాలు దాటించాడు. ఎడమకాలు మోకాలి దాకా లేచి ఆగిపోయింది. నా చెయ్యి ముందుకెళ్ళబోయింది, ఆపుకున్నాను. కాలు వణుకుతూ వణుకుతూ గడప దాటి సిమెంటు నేల మీద ఆనింది.

"ఇంక మునగడం అనే మాట ఉండకూడదు. వల లాగు, బోటు నడుపు, అంతే" అన్నాను కటువుగా.

"బోటెక్కితే సాలమ్మా" అన్నాడు.

యార్డు గేటు దాకా అతను నడిచాడు. ఎవర్నీ పట్టుకోనివ్వలేదు. ఎడమపాదం కొంచెం ఈడుస్తూ, ఒంగి, ఆగి ఆగి నడిచాడు. దారికి రెండువైపులా మా డైవర్లు, సెంట్రీలు నిలబడి చూస్తున్నారు. ఎప్పుడొచ్చాడో మా పై అధికారి కూడా వాళ్ళలో ఉన్నాడు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు, నేనూ అలాగే నిలబడ్డాను. నా ఉద్యోగం మొత్తంలో నేను అంత గర్వంగా నిలబడిన రోజు లేదు.

ఆమె అతని పక్కనే, చెయ్యి తగలనంత దూరంలో నడుస్తోంది. కళ్ళనిండా నీళ్ళు, కొంగు నోటికి అడ్డం. గేటు దగ్గరపడేసరికి కొంగు తీసి, గట్టిగా, అందరికీ వినబడేలా కసిరింది.

"ఏటా వంకర నడక? పది మందీ సూత్తన్నారు, తిన్నగా నడు."